ఉప్పు తిన్న విశ్వాసమా, సొంత లెక్కా? మార్కెట్ బాస్కెట్ ఉద్యోగుల తగవు

తూనికరాయి
4 అక్టోబరు 2025, ఉదయం 8:12

అందరికీ నమస్కారం. చాలాకాలంగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఒకటి ఇక్కడ పెడుతున్నాను. కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

అమెరికా ఈశాన్య మూలన, మసాచుసెట్స్ చుట్టుపక్కల, మార్కెట్ బాస్కెట్ అనే కిరాణా దుకాణాలు ఉన్నాయి. డెమూలస్ అనే గ్రీకు కుటుంబానివి. 2014 జూన్ 23న ఆ సంస్థ బోర్డు తన అధిపతి ఆర్థర్ టి. డెమూలస్‌ను పదవి నుంచి తప్పించింది. తప్పించింది పరాయివాళ్ళు కాదు, దాయాది ఆర్థర్ ఎస్. డెమూలస్ వర్గం. తాత పేరే ఇద్దరికీ పెట్టారు, అందుకే ఈ టి., ఎస్. అక్షరాల గోల.

ఆ తరువాత జరిగిందే విచిత్రం. అప్పటికి 71 దుకాణాలు, దాదాపు 25 వేల మంది ఉద్యోగులు. కార్మిక సంఘం లేదు. అయినా గిడ్డంగి కార్మికులు, లారీ డ్రైవర్లు పని ఆపేశారు. జీతం పెంచమని కాదు, సెలవులు ఇమ్మని కాదు. తమ యజమానిని తిరిగి కుర్చీలో కూర్చోబెట్టమని! ఆగస్టు 27 రాత్రికి అవతలి వర్గం తన 50.5 శాతం వాటాను 150 కోట్ల డాలర్లకు పైగా ధరకు ఆర్థర్ టి.కే అమ్మడానికి ఒప్పుకుంది.

అదే మనిషిని గత నెల 9న మళ్ళీ తీసేశారు. ఈసారి లారీలు ఆగలేదు, అరలు ఖాళీ కాలేదు. మరి 2014లో మనం చూసింది ఏమిటి? ఉప్పు తిన్న విశ్వాసమా, మరొకటా?


పాతకాపు
4 అక్టోబరు, ఉదయం 10:40

తూనికరాయి గారూ, మంచి ప్రశ్న. ఆ వేసవిలో మేము న్యూహాంప్‌షైర్‌లోని నాషువాలో ఉండేవాళ్ళం. మా సరుకులన్నీ అక్కడే. జులై 18 శుక్రవారం గిడ్డంగుల వాళ్ళు పని ఆపారు. మరుసటి వారం నేను కొత్తిమీర కోసం వెళ్ళాను.

దుకాణం తెరిచే ఉంది. దీపాలు వెలుగుతున్నాయి. కూరగాయల అరలు చివరిదాకా ఖాళీ. ఆకుకూరల మీద నీళ్ళు తుంపరగా చల్లే గొట్టాలు ఉంటాయి చూడండి, అవి మాత్రం వేళ తప్పకుండా ఖాళీ అరల మీద నీళ్ళు చల్లుతున్నాయి. పక్కన తెల్ల చొక్కా, మెడకు టై కట్టుకున్న కుర్రవాడు ఆ తడి అరనే గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. "ఏమీ లేదు కదయ్యా" అన్నాను. "అవునండీ, దయచేసి ఈ వారం మా దగ్గర కొనకండి" అన్నాడు, చాలా మర్యాదగా.

తన దుకాణంలో కొనవద్దని గిరాకీకి చెప్పే ఉద్యోగిని అంతకు ముందు చూడలేదు, ఆ తరువాతా చూడలేదు.

జనం వేరే దుకాణాల్లో కొనుక్కుని, ఆ బిల్లులు తెచ్చి ఈ దుకాణం అద్దాలకు అంటించేవారు. "చూడండి, మీకు రావలసిన డబ్బు ఎక్కడికి పోతోందో" అని బోర్డుకు చూపించడం అన్నమాట. మా దుకాణం ముందు అద్దం సగందాకా ఆ తెల్ల చీటీలతో నిండిపోయింది. నేనూ రెండు మూడు అంటించాను.


లెక్కలపంతులు
4 అక్టోబరు, మధ్యాహ్నం 1:05

పాతకాపు గారి వర్ణన బాగుంది. కానీ గుడ్డతో అర తుడిచిన కుర్రవాడిని చూసి కళ్ళు చెమర్చుకునే ముందు జమాఖర్చులు చూద్దాం.

ఆ సంస్థలో లాభాల్లో వాటా పథకం ఉంది. ఉద్యోగి జీతంలో సుమారు 15 శాతానికి సమానమైన సొమ్మును సంస్థే వారి పదవీ విరమణ ఖాతాలో వేస్తుంది, ఉద్యోగి జేబులోంచి తీయకుండా. 2008 సంక్షోభంలో ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్ అనే ఇళ్ళ రుణాల సంస్థల వాటాలు కుప్పకూలి ఆ నిధికి 4.6 కోట్ల డాలర్ల నష్టం వస్తే, ఆర్థర్ టి. హయాంలో సంస్థే ఆ గుంటను పూడ్చింది. మసాచుసెట్స్ కనీస వేతనం గంటకు 8 డాలర్లుగా ఉన్న రోజుల్లో పూర్తికాలపు ఉద్యోగికి మొదటి జీతమే 12 డాలర్లు. పైగా బోనసులు.

అప్పుడు అవతలి వర్గం ఏమి కోరుకుంది? వాటాదారుల చేతికి ఇంకా ఎక్కువ డబ్బు రావాలని. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో గిడ్డంగిలో పెట్టెలు మోసేవాడికి తెలియదా? బాగా తెలుసు. తన ముసలితనపు కూడు మీద చెయ్యి పడుతోందని తెలిసి అడ్డం తిరిగాడు. దానికి విశ్వాసం అని అందమైన పేరు పెట్టడం ఎందుకు?

కొనేవాళ్ళ సంగతీ అంతే. 2014 సంవత్సరమంతా ప్రతి బిల్లు మీద 4 శాతం తగ్గింపు ఇస్తానని ప్రకటించింది ఆర్థర్ టి. బిల్లులు అంటించిన చేతులు ఆ 4 శాతాన్ని మరిచిపోయాయని నేను నమ్మను.


పాతకాపు
4 అక్టోబరు, మధ్యాహ్నం 1:31

పంతులు గారూ, ఆ నెలన్నర రోజులూ వేరే చోట నేను కట్టిన అదనపు డబ్బు మీ 4 శాతానికి ఎన్ని రెట్లో లెక్క వేసి చెప్పగలరా?


లెక్కలపంతులు
4 అక్టోబరు, మధ్యాహ్నం 1:44

భవిష్యత్తు మీద పెట్టుబడి అనుకోండి.


కౌంటరు_వెనుక
4 అక్టోబరు, రాత్రి 9:18

నేను ఈ వేదికలో ఎక్కువగా రాయను, చదివి వెళ్ళిపోతాను. ఇది మాత్రం వదలలేకపోయాను.

అమెరికా వచ్చిన కొత్తలో రెండేళ్ళు ఒక కుటుంబం నడిపే కిరాణా దుకాణంలో గల్లా దగ్గర పనిచేశాను. మీరు మాట్లాడుకుంటున్న సంస్థ కాదు, పేరు చెప్పను. వాళ్ళకీ చాలా దుకాణాలు ఉండేవి. పెద్దాయన నెలకోసారి వచ్చేవారు. అందరి పేర్లూ గుర్తే. "మీ అమ్మాయి బడిలో చేరిందా?" అని అడిగేవారు. సొంత ఊళ్ళో కూడా నన్ను అంత శ్రద్ధగా ఎవరూ అడగలేదు. ఆయన కోసం ఒక గంట ఎక్కువ నిలబడమన్నా నిలబడేదాన్ని, నిలబడ్డాను కూడా.

వెనుక గదిలో గడియారం పక్కన వచ్చే వారం పనివేళల కాగితం అంటించేవారు. శుక్రవారం సాయంత్రం అందరం దాని ముందు గుమికూడేవాళ్ళం. ఒకసారి నా పేరు ఎదురుగా 28 గంటలని అచ్చయి ఉంది. దాన్ని నీలం పెన్నుతో కొట్టేసి పక్కన 11 అని రాశారు. ఎందుకని అడిగితే, పెద్దాయన చెల్లెలి కొడుకు వేసవి సెలవులకు వచ్చాడట, అతనికి గంటలు కావాలట.

ఆ వారం కూడా పెద్దాయన వచ్చారు. మా అమ్మాయి గురించి అడిగారు. నేను నవ్వి, బాగుందండీ అన్నాను.

ఆయన ఆప్యాయత నటన కాదు. ఇప్పటికీ అదే అంటాను. కాని ఆ కాగితం మీద దానికి చోటు లేదు. 2014లో మార్కెట్ బాస్కెట్ అధిపతి ఆప్యాయత నిజమైనా కాకపోయినా, ఆ కాగితం రాసే చెయ్యి ఎవరిది అన్నదే అసలు తగవు కదా.


ఎర్రజెండా
5 అక్టోబరు, ఉదయం 7:02

కౌంటరు_వెనుక గారు ఒక్క నీలం పెన్నుతో చెప్పిన దాన్ని మా సంఘం వాళ్ళం పది కరపత్రాల్లో చెప్పలేకపోయాం.

నా వాదన సూటిగా చెబుతాను. 25 వేల మంది ఒక్క తాటి మీదికి వచ్చి, దుకాణాలను స్తంభింపజేసి, ఇద్దరు గవర్నర్లను, మసాచుసెట్స్ డెవాల్ పాట్రిక్‌ను, న్యూహాంప్‌షైర్ మ్యాగీ హసన్‌ను, మధ్యవర్తిత్వానికి రప్పించారు. కార్మిక చరిత్రలో అంతటి బలం ఎన్నిసార్లు చేతికి వస్తుంది? ఆ బలంతో ఏం సాధించారు? ఒక కోటీశ్వరుడి చేతిలోంచి సంస్థను తీసి ఇంకో కోటీశ్వరుడి చేతిలో పెట్టారు. తమ కోసం ఒక్క కాగితం రాయించుకోలేదు. ఒక్క ఒప్పందం లేదు, బోర్డులో ఒక్క కుర్చీ లేదు.

అదే ప్రాంతంలో 2019 ఏప్రిల్‌లో స్టాప్ అండ్ షాప్ దుకాణాల్లో 31 వేల మంది సమ్మె చేశారు. ఆ సంస్థ అహోల్డ్ డెలైజ్ అనే డచ్చి కంపెనీ కింద ఉంది. అక్కడ సంఘం ఉంది. ఈస్టర్ పండుగ ముందు, ఏప్రిల్ 11న మొదలుపెట్టి 11 రోజులు నడిపారు. పింఛను, ఆరోగ్య బీమా, ఆదివారం పనికి ఒకటిన్నర రెట్ల కూలి, ఇవీ వాళ్ళ తగవులు. చివరికి సంతకాలతో కూడిన ఒప్పందం చేతికి వచ్చింది. వాళ్ళ అధిపతి పేరు వాళ్ళలో ఎందరికి తెలుసో నాకు అనుమానమే. తెలియవలసిన అవసరమూ లేదు.


పాతకాపు
5 అక్టోబరు, ఉదయం 9:25

సోదరా, సంఘం ఉన్న దుకాణం కంటే సంఘం లేని దుకాణంలో జీతభత్యాలు బాగున్నప్పుడు ఆ 25 వేల మంది దగ్గరకు వెళ్ళి "చందా కట్టండి" అంటే ఏమంటారు?


ఎర్రజెండా
5 అక్టోబరు, ఉదయం 9:50

"మంచి దొర ఉండగా చట్టం ఎందుకు" అని మా తాతగారి ఊళ్ళోనూ అనేవారట. దొర పోయాక దొర కొడుకు వచ్చేవాడు.


నల్లకోటు
5 అక్టోబరు, మధ్యాహ్నం 12:15

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నాలుగు మాటలు.

సంఘం లేకపోతే రక్షణే లేదన్న అపోహ చాలామందికి ఉంది. అమెరికాలో 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం, అందులో 7వ సెక్షను, సంఘం ఉన్నా లేకున్నా ఉద్యోగులు కలిసికట్టుగా తమ పని పరిస్థితుల కోసం నిలబడే హక్కును కాపాడుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి జీతం గురించి అడిగినా దాని కిందికి వస్తుంది.

చిక్కు రెండు చోట్ల. ఒకటి, "మా అధిపతిని తిరిగి తెండి" అనేది పని పరిస్థితుల కోరికేనా? పై అధికారి ఎవరుండాలన్నది మామూలుగా యాజమాన్యం ఇష్టం. ఆ మార్పు తమ జీతభత్యాలను నేరుగా తాకుతుందని చూపించగలిగితే ఉద్యోగుల వాదనకు బలం వస్తుంది. ఆ విధంగా చూస్తే పంతులు గారు ఎత్తిపొడిచిన ఆ 15 శాతమే వాళ్ళకు చట్టం ముందు కవచం. "ఆయనంటే మాకు ప్రాణం" అంటే కోర్టులో నిలవదు, "ఆయన పోతే మా నిధి పోతుంది" అంటే నిలవవచ్చు. ప్రేమ కంటే స్వార్థమే చట్టానికి ముద్దు!

రెండోది ఇంకా కటువైనది. 1947లో టాఫ్ట్ హార్ట్‌లీ సవరణ మేస్త్రీ స్థాయి, ఆ పై స్థాయి వాళ్ళను ఈ రక్షణ నుంచి తప్పించింది. 2014 జులై 20న యాజమాన్యం 8 మందిని తీసేసింది. ఉద్యమాన్ని ముందుండి నడిపించిన వాళ్ళు, దశాబ్దాల అనుభవం ఉన్న వాళ్ళు, ఎక్కువమంది పర్యవేక్షక స్థాయి వాళ్ళే. గిడ్డంగిలో పెట్టె మోసేవాడికి ఉన్న రక్షణ అతని మీది అధికారికి లేదు. ఈ ఉద్యమాన్ని నడిపింది ప్రధానంగా ఆ అధికారులే. అంటే ఏ కవచమూ లేనివాళ్ళు ముందు వరసలో నిలబడ్డారు.


కథలపెట్టె
5 అక్టోబరు, సాయంత్రం 6:33

అయ్యా, అందరూ 2014 నుంచే మొదలుపెడుతున్నారు. ఈ దాయాదుల పోరుకు అంతకు ముందు పెద్ద పర్వమే ఉంది. అది తెలియకుండా ధర్మరాజు ఎవరో తేల్చలేం.

లోవెల్ పట్టణంలో గ్రీసు నుంచి వలస వచ్చిన అథనాసియస్, ఎఫ్రోసినీ దంపతులు 1917లో చిన్న దుకాణం పెట్టారు. 1954లో వారి కొడుకులు టెలిమాకస్, జార్జి దాన్ని తల్లిదండ్రుల దగ్గర 15 వేల డాలర్లకు కొన్నారు. చెరి సగం. ఇద్దరిలో ఎవరు ముందు పోయినా రెండోవాడు ఆ కుటుంబాన్ని చూసుకోవాలని మాట. 1971లో జార్జి గ్రీసులో విహారానికి వెళ్ళి గుండెపోటుతో పోయాడు.

ఏళ్ళు గడిచాయి. జార్జి పిల్లలు 1990లో కోర్టుకెక్కే నాటికి వాళ్ళ చేతిలో మిగిలిన వాటా సుమారు 8 శాతం! సగం ఎక్కడ, 8 ఎక్కడ? టెలిమాకస్ ఆ మాట తప్పి వాటాలను తనవైపు మళ్ళించుకున్నాడని 1994లో జ్యూరీ తేల్చింది. ఆ తరువాత న్యాయమూర్తి జార్జి కుటుంబానికి 50.5 శాతం వాటా, 20 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము ఇప్పించారు.

ఇప్పుడు చెప్పండి. ఆర్థర్ టి. ఆ టెలిమాకస్ కొడుకు. ఆర్థర్ ఎస్. ఆ జార్జి కొడుకు. ఉద్యోగులు జెండా పట్టింది మాట తప్పినవాడి కొడుకు కోసం. విలన్ అన్నది మోసపోయినవాడి కొడుకును. ధర్మం ఒకరి పక్కన, దయ ఇంకొకరి పక్కన నిలబడ్డాయి.


లెక్కలపంతులు
5 అక్టోబరు, సాయంత్రం 7:10

ఇది నాకు తెలియదు. పుస్తకంలో రాసుకున్నాను. అయితే నా వాదనకే బలం. తండ్రి ఎవరిని ముంచాడన్నది ఉద్యోగికి పట్టలేదు, తన ఖాతాలో ఎవరు డబ్బు వేశారన్నదే పట్టింది.


కౌంటరు_వెనుక
5 అక్టోబరు, రాత్రి 8:47

పంతులు గారూ, ఒక మాట. మీ లెక్క పూర్తికాలపు ఉద్యోగులది. ఆ 25 వేలల్లో ఎక్కువమంది పార్ట్‌టైం వాళ్ళు. బడి పిల్లలు, ముసలివాళ్ళు, నాలాంటి వాళ్ళు. ఆగస్టు మొదట్లో అమ్మకాలు లేవని చెప్పి కొత్త యాజమాన్యం వాళ్ళ పని గంటలు కోసేయమంది. చాలామందికి వారానికి సున్నా గంటలు. తీసేశామని చెప్పలేదు, కాగితం మీద సున్నా పెట్టారు, అంతే. రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం వాళ్ళ కోసం ఫోన్ నంబరు పెట్టవలసి వచ్చింది.

ముసలితనపు నిధి ఎంతో పోగుపడినవాడు పోరాడాడు, నిజమే. ఆ నిధి పెద్దగా లేనివాడి గంటలు పోయాయి. వాళ్ళలో చాలామంది ప్లకార్డులు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు కూడా. వాళ్ళది ఏ లెక్క?


లెక్కలపంతులు
5 అక్టోబరు, రాత్రి 9:02

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదమ్మా. ఆలోచించి రాస్తాను.


నిర్వాహకులు
5 అక్టోబరు, రాత్రి 10:15

రెండు వ్యాఖ్యలు తొలగించాం. ఆ కుటుంబ సభ్యుల వ్యక్తిగత జీవితాల మీద పుకార్లు వద్దు. చర్చ చక్కగా సాగుతోంది, చెడగొట్టకండి.


తూనికరాయి
6 అక్టోబరు, ఉదయం 6:55

రాత్రంతా ఇవన్నీ చదివాను. నా మొదటి ప్రశ్న సగమే మిగిలింది. విశ్వాసం ఒకవైపు, లెక్క ఒకవైపు పెట్టి తూచడమే తప్పేమో, పేరు తూనికరాయి పెట్టుకున్నందుకు సిగ్గుపడాలి. కానీ రెండో సగం ఇంకా ఉంది. ఈ సంవత్సరం ఎందుకు కదలలేదు?

తెలిసినంత వరకు వరుస ఇది. 2014లో ఆర్థర్ టి.తో కలిసి నిలబడి సంస్థను కొన్నది ఆయన ముగ్గురు అక్కచెల్లెళ్ళు. వాళ్ళ చేతిలో ఇప్పుడు 60 శాతం దాకా వాటా. ఆయనది 28 శాతం. ఈ మే 28న బోర్డు ఆయనను, సంస్థలో పనిచేస్తున్న ఆయన కొడుకును, కూతురును సెలవులో పంపింది. పని ఆపించడానికి పథకం వేస్తున్నారని బోర్డు ఆరోపణ, ఆయన కాదన్నారు. ఆయన తన పిల్లలకు పగ్గాలు అప్పగించాలని చూస్తున్నారని, తమకు లెక్కలు చూపడం లేదని కూడా బోర్డు అంది. జులైలో ఆయనకు దగ్గరివాళ్ళయిన ఇద్దరు పెద్ద అధికారులను తీసేశారు. మధ్యవర్తి దగ్గర కూర్చున్నా తెగలేదు. సెప్టెంబరు 9న పూర్తిగా తొలగించారు.

అప్పుడు దాయాది తీసేస్తే ఊరు లేచింది. ఇప్పుడు తోబుట్టువులు తీసేస్తే ఎవరూ లేవలేదు.


పాతకాపు
6 అక్టోబరు, ఉదయం 8:20

నా ఊహ చెబుతాను, రుజువులు అడగవద్దు.

2014లో ఆర్థర్ టి. బదులు కుర్చీలో కూర్చోబెట్టిన ఇద్దరూ బయటివాళ్ళు. ఒకాయన రేడియోషాక్ అనే ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థ నుంచి, ఒకావిడ ఆల్బర్ట్‌సన్స్ అనే వేరే కిరాణా సంస్థ నుంచి. వాళ్ళను చూడగానే "సంస్థను అమ్మేస్తారు" అన్న భయం గుప్పుమంది. ఈసారి తాత్కాలికంగా కూర్చోబెట్టింది లోపల లెక్కలు చూసే మనిషినే. బోనసులు, నిధి, ధరలు ఏవీ మారవని మొదటి రోజు నుంచీ చెబుతూ వచ్చారు. అవతలి వాళ్ళు 2014 నుంచి పాఠం నేర్చుకున్నారు. మనవాళ్ళు నేర్చుకోలేదు.

ఇంకోటి. అప్పుడు లారీలు ఆగాయి కాబట్టి అరలు ఖాళీ అయ్యాయి, అరలు ఖాళీ అయ్యాయి కాబట్టి నాలాంటివాడు పక్షం వహించడం తేలికయింది. లేని సరుకును బహిష్కరించడానికి త్యాగం ఏముంది? అమ్మకాలు 90 శాతానికి పైగా పడిపోయాయని అప్పటి పత్రికల్లో వచ్చింది. అందులో జనాల అభిమానం ఎంత, లారీల మహిమ ఎంత అన్నది ఎవరూ విడదీయలేదు. ఈ సెప్టెంబరులో అరలు నిండుగా ఉన్నాయి. నిండుగా ఉన్న అర ముందు నిలబడి వెనక్కి తిరగడం వేరు. మా బంధువు అక్కడే ఉంటాడు. "బాబాయ్, మనసు ఒప్పలేదు, కానీ పాలు కావాలి కదా, కొనుక్కొచ్చాను" అన్నాడు.


ఎర్రజెండా
6 అక్టోబరు, ఉదయం 8:58

పాతకాపు గారూ, మొదటిసారి మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. గిడ్డంగిలో కీలకం. దుకాణంలో కాదు, కోర్టులో కాదు. కుళ్ళిపోయే సరుకు అమ్మేవాడికి రెండు రోజులు లారీ రాకపోతే చాలు. ఆ కీలకం ఎక్కడుందో 2014లో వాళ్ళకు తెలుసు. తమ కోసం ఇంకోసారి తిప్పుకోవడానికి తాళం చెవి మాత్రం దగ్గర పెట్టుకోలేదు.


నల్లకోటు
6 అక్టోబరు, ఉదయం 11:40

తాళం చెవి అంటే సంఘం ఒక్కటే కాదు, ఎర్రజెండా గారూ. ఫ్లోరిడాలో 1930లో జార్జి జెంకిన్స్ మొదలుపెట్టిన పబ్లిక్స్ దుకాణాలు చూడండి. ఆ సంస్థ వాటాలు బజారులో దొరకవు. జెంకిన్స్ కుటుంబం దగ్గర కొన్ని, ఉద్యోగుల దగ్గర మిగిలినవి. అక్కడా సంఘం లేదు. కానీ ఉద్యోగి చేతిలో వాటా పత్రం ఉంది.

మార్కెట్ బాస్కెట్ ఉద్యోగి చేతిలో నిధి ఉంది, వాటా లేదు. నిధికి డబ్బు వస్తుంది, ఓటు రాదు. 2014లో 150 కోట్ల డాలర్లు చేతులు మారినప్పుడు అందులో ఒక్క శాతం, అర శాతం ఉద్యోగుల పేర రాసి ఉంటే ఈ మే నెలలో బోర్డు గదిలో లెక్క వేరుగా ఉండేదేమో. అడిగినవాళ్ళూ లేరు, ఇచ్చినవాళ్ళూ లేరు.


కథలపెట్టె
6 అక్టోబరు, మధ్యాహ్నం 2:20

అడగడానికి అది సమయమూ కాదులెండి. ఆగస్టు 28 పొద్దున ట్యూక్స్‌బరీలో ప్రధాన కార్యాలయం ముందు ఆర్థర్ టి. లారీ వెనుక ఎక్కి మాట్లాడుతుంటే కింద జనం ఏడుస్తున్నారు. పెళ్ళి పందిట్లో కట్నం పద్దు తీసినట్టు ఉండేది.


ఎర్రజెండా
6 అక్టోబరు, మధ్యాహ్నం 2:31

పందిరి వేయక ముందే తీయాలి మరి.


లెక్కలపంతులు
6 అక్టోబరు, రాత్రి 8:05

కౌంటరు_వెనుక గారికి బాకీ ఉన్న జవాబు.

సున్నా గంటలు వచ్చినా రోడ్డు మీద నిలబడ్డవాళ్ళది ఏ లెక్క అని అడిగారు. నిన్నంతా దాన్ని లాభనష్టాల్లో ఇరికించాలని చూశాను. రేపు పూర్తికాలపు ఉద్యోగం వస్తుందన్న ఆశ అన్నాను, కుదరలేదు. బడి పిల్లలకు అలాంటి ఆశ ఎందుకుంటుంది? వాళ్ళమ్మ కూడా అదే దుకాణంలో పనిచేస్తుంటే, వాళ్ళమ్మ నిధి కోసం అన్నాను. కొందరికి కుదిరింది, అందరికీ కుదరలేదు. చివరికి పద్దులో ఒక మొత్తం మిగిలిపోయింది. దానికి ఏ శీర్షిక రాయాలో తెలియలేదు. మీరు నవ్వి "బాగుందండీ" అన్న రోజున మీకు ఏమనిపించిందో చెబితే బహుశా అది దొరుకుతుంది.


కౌంటరు_వెనుక
6 అక్టోబరు, రాత్రి 9:36

ఆ రోజు కోపమే వచ్చింది పంతులు గారూ. కాని ఆయన మీద కాదు. ఆయన దాకా ఆ కాగితం వెళ్ళదని అనుకున్నాను. ఆయనకు తెలిస్తే ఇలా జరగనివ్వరని నమ్మాను. ఏడాది తరువాత తెలిసింది, ఆ గంటలు ఇమ్మన్నది ఆయనేనని. అప్పటికి నేను వేరే పనిలో ఉన్నాను. ఆ ఏడాది మొత్తం ఆయన గురించి అందరికీ మంచిగానే చెప్పాను.


తూనికరాయి
7 అక్టోబరు, ఉదయం 7:14

పాతకాపు గారూ, మీరు అద్దానికి అంటించిన ఆ బిల్లుల ఫోటో ఏదైనా దాచుకున్నారా? ఉంటే ఇక్కడ పెట్టండి, చూడాలని ఉంది.


పాతకాపు
7 అక్టోబరు, సాయంత్రం 5:48

ఫోటోలు పాత ఫోనుతో పోయాయి. కానీ పన్ను కాగితాల సంచిలో వెతికితే ఒక బిల్లు దొరికింది. ఆగస్టు 27న వేరే దుకాణంలో కొన్నది. మరునాడు అంటించాలని పైన టేపు ముక్క కూడా అతికించి పెట్టాను. ఆ రాత్రే రాజీ వార్త వచ్చింది, ఇక అంటించే పని పడలేదు.

వేడికి అచ్చయ్యే కాగితం కదా, అక్షరాలు మొత్తం ఎగిరిపోయాయి. ఏం కొన్నానో, ఎంత కట్టానో ఏమీ లేదు. టేపు మాత్రం పసుపు రంగుకు తిరిగి అలాగే అంటుకుని ఉంది. ఫోటో తీసి చూశాను, తెల్ల కాగితం తప్ప ఏమీ కనిపించడం లేదు. పెట్టమంటే పెడతాను.